ఎవరూ అడగకూడని కుర్చీ

మార్చి 3, సోమవారం

నాకు వార్డెన్ పదవి అక్కర్లేదు. రేపెప్పుడైనా నా మనసు మీద నాకే అనుమానం వస్తే తిప్పి చూసుకోవడానికి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇవాళ భోజనాల దగ్గర పెద్దాయన చెంచాతో గ్లాసు మీద టంగుమని కొట్టి, నెలాఖరుకి తాను వార్డెన్‌గా దిగిపోతున్నానని చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన మంచివాడని కొట్టారో, వెళ్ళిపోతున్నాడని కొట్టారో తెలియలేదు. ఆయన మాత్రం కళ్ళు తుడుచుకున్నారు. హాలు చివర మెట్టు ఎక్కితే ఉండే మాస్టర్ల బల్ల దగ్గర ఒక్కరూ తల ఎత్తలేదు. మా అందరికీ సూప్ మీద అంత ప్రేమ పుట్టడం నేనెన్నడూ చూడలేదు.

ఎందుకు ఎత్తుతాం? మా ఆచారం అలాంటిది మరి. యూనివర్సిటీలో తలో మూల పాఠాలు చెప్పుకుని వచ్చి, ఈ కాలేజీలో పిల్లలతో పాటే తిని, వాళ్ళ మధ్యే కాపురం ఉండే మాస్టర్లం ఐదుగురం. కొత్త వార్డెన్‌ని మాలోంచి మేమే ఎన్నుకోవాలి. ఎవరి ఓటు వాళ్ళకే వేసుకోకూడదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ పదవి కావాలని నోరు తెరిచి అడిగిన మనిషి ఆ క్షణమే పోటీలోంచి పోయినట్టు. కాలేజీ కట్టించిన మహానుభావుడు పెట్టిన నియమం ఇది. ఆశ లేనివాళ్ళే యోగ్యులని ఆయన నమ్మకం. దాంతో ఆశ లేనట్టు నటించడంలో ఆరితేరినవాళ్ళే ఇక్కడ వరసగా వార్డెన్లవుతూ వచ్చారు. వాళ్ళ పటాలన్నీ హాలు గోడ మీద ఉన్నాయి. ఒక్క మొహంలోనూ ఆశ కనబడదు.

నాకు ఆ నటన అవసరం లేదు. నాకు నిజంగానే అక్కర్లేదు.

మార్చి 4, మంగళవారం

నా గడువు కూడా ఈ నెలతోనే తీరిపోతుంది. పన్నెండేళ్ళకు మించి ఏ మాస్టారూ ఇక్కడ ఉండకూడదు. వార్డెన్ అయితే రిటైరయ్యేదాకా ఉండొచ్చు. అది కాకపోతే, వార్డెన్ తన ఇష్టం మీద ఎవరినైనా ఒక్కరిని ఉంచుకోవచ్చు. ఆ హక్కుని పెద్దాయన తన బావమరిది మీద ఖర్చు పెట్టేశారు. ఆ మనిషి అతిథి గదిలో చేరి, పేపర్లో గళ్ళ నుడికట్టు నింపుతూ ఇన్నేళ్ళు గడిపేశాడు. ఈ నెలాఖరుకి ఆయనా బావగారితో పాటే కదులుతాడు.

ఏప్రిల్ నుంచి నేను చెల్లెలి ఇంట్లో ఉంటాను. ఎంత హాయి! ఇక్కడ నా తలుపు మీద దెబ్బలు పడని గంట లేదు. సూది ఉందా మేడమ్, గొడుగు ఉందా మేడమ్, నేను బాగానే చదువుతున్నానని మా అమ్మకి ఒక్కసారి ఫోన్‌లో చెప్పరా మేడమ్. ఇవి చాలవన్నట్టు నా నెత్తిన, పై గదిలో, బూర ఊదే పిల్ల. వచ్చినప్పటి నుంచీ ఒకే పాట, ఒకే చోట తప్పు.

ఇక ప్రశాంతంగా ఉంటాను.

మార్చి 6, గురువారం

ఎవరికీ ఆశ లేని ఈ కాలేజీలో జరుగుతున్న మంచితనం చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

హిస్టరీ గారు పొద్దున నా సంచీ మోశారు. ఇన్నేళ్ళలో తన సంచీ కూడా పిల్లల చేత మోయించిన మనిషి. కెమిస్ట్రీ అమ్మాయి కేకు చేసి తలుపు తలుపుకీ తిరిగి పంచింది. (గట్టిగా ఉంది. నమిలాను.) లెక్కలాయన జోకులకి నవ్వడం మొదలుపెట్టారు. జోకు అయిపోయాక ఒక క్షణం ఆగి, అయిపోయిందని నిర్ధారించుకుని నవ్వుతున్నారు.

నేనూ తలా ఒక మొక్క ఇచ్చాను. దీనికీ పదవికీ సంబంధం లేదు. వెళ్ళిపోయే మనిషిని, ఇన్ని కుండీలు ఏం చేసుకుంటాను? కెమిస్ట్రీ అమ్మాయికి ముళ్ళ మొక్క ఇచ్చాను. నీళ్ళు పోయడం మర్చిపోతుందని ఇచ్చాను తప్ప మరో ఉద్దేశం లేదు.

ఐదో మనిషి కునుకు మాస్టారు. ఫిలాసఫీ. మీటింగు మొదలవగానే గడ్డం గుండెకి ఆనించి కళ్ళు మూసుకుంటారు, అయిపోయాక "అవును" అంటారు. ఆయనకి తెల్ల మచ్చల ఆకు మొక్క పట్టుకెళ్తే, దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"దీనికి నీళ్ళెప్పుడు పోయాలో నాకెలా తెలుస్తుందండీ?"

"దాహమైతే ఆకులు వాల్చేస్తుంది మాస్టారూ. అడిగినట్టే."

"అయితే మనకంటే నయమే," అని, అక్కడే కుర్చీలో కూర్చుని నిద్రపోయారు. మొక్క ఆయన ఒళ్ళోనే ఉంది. తీసి కిటికీలో పెట్టి వచ్చాను.

మార్చి 10, సోమవారం

ఇవాళ టీ గదిలో మంచి పనులు చేశాను.

లెక్కలాయనతో అన్నాను: "హిస్టరీ గారు వార్డెన్ అయితే ఎంత బాగుంటుందో కదండీ! రోజూ భోజనానికి ముందు నాలుగు మంచి మాటలు చెబుతారు. అన్నం చల్లారినా ఫర్వాలేదు."

లెక్కలాయన కప్పు బల్ల మీద పెట్టేసి వాచీ చూసుకున్నారు.

కెమిస్ట్రీ అమ్మాయితో అన్నాను: "లెక్కలాయన అయితే వేన్నీళ్ళ దుబారా తగ్గుతుందమ్మా. మనిషికి ఎన్ని చెంబులు చాలో ఆయన దగ్గర లెక్క ఉండే ఉంటుంది."

ఆ పిల్ల స్నానానికి వెళ్తే మిగతా వరండా అంతా తువ్వాళ్ళతో క్యూలో నిలబడుతుంది. మొహం మాడిపోయింది.

హిస్టరీ గారితో అన్నాను: "కెమిస్ట్రీ అమ్మాయిది కొత్త చూపండీ. ఆ పాత పటాలన్నీ దింపించి గోడకి తెల్ల సున్నం కొట్టిస్తుంది. హాలుకి వెలుగొస్తుంది."

ఆయన గోడకేసి చూసిన చూపు పిల్లని అత్తారింటికి పంపే తండ్రి చూపులా ఉంది.

ఒక్క అబద్ధం ఆడలేదు. ఒకరిని కూడా తిట్టలేదు. అందరినీ నోరారా పొగిడాను, అంతే. ప్రతి మాట చివరా "నాకేముందండీ, నేనెలాగూ వెళ్ళిపోయేదాన్ని" అని కలిపాను. అది బాగా కుదిరింది. ఆశ లేని మనిషి ఎలా ఉంటుందో వాళ్ళు కళ్ళారా చూశారు. వినేవాళ్ళు వేరే ఎవరూ లేరు కూడా. మూల కుర్చీలో కునుకు మాస్టారు ఒక్కరే, ఎప్పటిలాగే గడ్డం గుండె మీద.

మార్చి 12, బుధవారం

బూర పిల్ల ఇవాళ ఊదలేదు. జ్వరమేమోనని పైకెళ్ళి చూసొచ్చాను. జ్వరం కాదు, పరీక్షట. కిందికొచ్చాక చాలాసేపు ఏం చేయాలో తోచలేదు.

మార్చి 15, శనివారం

చెల్లెలి ఇంటికి వెళ్ళొచ్చాను. నాకివ్వబోయే గది చూపించింది. కర్టెన్లకి కూడా ఇస్త్రీ చేసిన ఇల్లు అది. గడియారం తప్ప ఏదీ చప్పుడు చేయదు.

"నచ్చిందా అక్కా?"

"చాలా. ఎంత నిశ్శబ్దంగా ఉందే!"

"అవును, మీ మరిదికి చప్పుడైతే పడదు. నీకా హాస్టల్ గోలలోంచి విముక్తి. ఆ పిల్లలు నిన్ను పీక్కు తినేస్తున్నారు."

మరిది పేపరు పక్కకి దించి "మీ ఇల్లే అనుకోండి వదినగారూ," అని మళ్ళీ ఎత్తుకున్నాడు. మంచివాడు. ఇద్దరూ మంచివాళ్ళే. అదే కష్టంగా ఉంది.

"అక్కా, ఒక్క మాట. కుండీలు మాత్రం తేకు. ఆయనకి తుమ్ములు." కిటికీలో ఉన్న ప్లాస్టిక్ గులాబీలని పైటతో తుడుస్తూ చెప్పింది. "ఇవి చూడు, ఎన్నాళ్ళైనా ఇలాగే ఉంటాయి."

నిజమే, ఇలాగే ఉంటాయి. నవ్వి, బాగున్నాయన్నాను. తిరిగొస్తుంటే బస్సులో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిటికీ లోంచి దుమ్ము పడింది.

గేటు దగ్గరే ఇద్దరు పిల్లలు నాకోసం కాచుకుని ఉన్నారు. సూది కావాలట. "మీరు లేకపోతే ఈ చొక్కా గతేంటి మేడమ్," అన్నాడు ఒకడు. గొప్ప విసుగు నటించాను.

మార్చి 18, మంగళవారం

కొంప మునిగింది.

సాయంత్రం టీకి రమ్మన్నారు. వెళ్తే ముగ్గురూ వరసగా నిలబడి ఉన్నారు, మధ్యలో రంగు కాగితం చుట్టిన పెద్ద పెట్టె. కునుకు మాస్టారు మూల కుర్చీలో ఉన్నారు.

"బోటనీ గారూ," అని హిస్టరీ గారు గొంతు సవరించుకున్నారు. ఆయన సవరించుకుంటే అది చిన్న ఉపన్యాసం కాదు. సారాంశం ఏమిటంటే, ఈ రోజుల్లో పదవి మీద నిజంగా ఆశ లేని మనిషిని నాలోనే చూశారట. వెళ్ళిపోవాలని నేనింతగా తపిస్తుంటే, పొరపాటున నాకు ఓటు వేసి ఇక్కడే కట్టిపడేయడం పాపమని ముగ్గురూ అనుకున్నారట.

"మిమ్మల్ని అస్సలు ఇబ్బంది పెట్టం మేడమ్. మాది హామీ," అంది కెమిస్ట్రీ అమ్మాయి. చేతికి ముల్లు గుచ్చుకుని పట్టీ వేసుకుని ఉంది.

కాగితం విప్పాను. సూట్‌కేసు. చక్రాలది. పెద్ద సైజు.

"మీ సామానంతా పడుతుంది. కొలిచే తెచ్చాను," అన్నారు లెక్కలాయన.

నవ్వాను. థాంక్స్ చెప్పాను. కెమిస్ట్రీ అమ్మాయి కేకు రెండు ముక్కలు తిన్నాను. ఇంతకంటే ఏ మనిషైనా ఏం చేయగలదు? నా నోటితో నేనే గొయ్యి తవ్వుకుని, ఎంత లోతుగా తవ్వానో చూడండి అని అందరినీ పిలిచి చూపించుకున్నాను. ఇప్పుడు కాదండీ, నాకు ఉండాలనుంది అని ఒక్క మాట అందామంటే, అన్న మరుక్షణం పోటీలోంచి పోతాను.

రాస్తుంటే ఇప్పుడు కనబడుతోంది, "పోటీలోంచి" అని రాశాను. లేని పోటీలోంచి ఎలా పోతాను? సిరా పెన్ను, చెరపడానికి లేదు.

మార్చి 19, బుధవారం

రేపే ఓటింగు. బాగా ఆలోచించాను.

నా ఓటు నాకు వేసుకోకూడదు. హిస్టరీ గారికి వేస్తే ఆయన గెలవొచ్చు. కెమిస్ట్రీ అమ్మాయికి వేస్తే ఆ పిల్ల గెలవొచ్చు. లెక్కలాయన సూట్‌కేసు కొలిచిన మనిషి, ఆయనకి చచ్చినా వేయను. కాబట్టి ఎవరూ వేయని మనిషికి వేయాలి. ఓటు పారేయడానికి కునుకు మాస్టారిని మించిన చోటు లేదు. అప్పుడు వాళ్ళ ముగ్గురి ఓట్లు చెల్లాచెదురై, చివరికి అందరికీ సమానమై, రెండోసారి పెట్టాల్సి వస్తే, అప్పటికి నేను కాస్త తక్కువ వినయంగా ఉండొచ్చు.

ఇంత తెలివి నాకు ఎక్కడిదో! పదవి కోసం కాదు, న్యాయం కోసం.

మార్చి 20, గురువారం

పెద్దాయన చీటీలు విప్పారు. మొదటి చీటీలో చదివిన పేరు ఎవరిదో మాకెవరికీ వెంటనే గుర్తు రాలేదు. కునుకు మాస్టారి అసలు పేరని తెలిసేసరికి రెండో చీటీ విప్పారు. అదే పేరు. మూడోదీ అదే. నాలుగోది నా పేరు. ఐదోది మళ్ళీ ఆయన పేరే.

నాలుగు ఓట్లతో కునుకు మాస్టారు వార్డెన్.

నలుగురం నలుగురి మొహాలు చూసుకున్నాం. ఓటు పారేయడానికి మంచి చోటు వెతికింది నేనొక్కదాన్నే కాదని అప్పుడర్థమైంది. ఇంత చదువుకున్న నలుగురం, ఒకరికి తెలియకుండా ఒకరం, ఒకే చెత్తబుట్టలో ఓటు వేసి ఆయన్ని గద్దె ఎక్కించాం.

పక్కనున్నవాళ్ళు తట్టి లేపితే ఆయన "అవును" అన్నారు.

నా సంగతి ముగిసింది. కానీ ఆ ఒక్క ఓటు ఉంది చూశారూ, అది నన్ను కూర్చోనివ్వడం లేదు. హామీలిచ్చి, సూట్‌కేసు ఇచ్చాక కూడా నేనుండాలని ఎవరో ఒకరు అనుకున్నారు. ఎవరు?

మార్చి 21, శుక్రవారం

పొద్దున్నే హిస్టరీ గారు వచ్చారు. తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించారు. "చెప్పకూడదు గానీ... ఆ ఓటు నాదేనండీ. హామీ ఇచ్చాను గానీ, చీటీ చేతికొచ్చేసరికి మనసొప్పలేదు." పటాల గురించి ఆయనతో అన్నదానికి సిగ్గేసింది. మంచి బిస్కట్లు తీసి పెట్టాను.

మధ్యాహ్నం కెమిస్ట్రీ అమ్మాయి వచ్చింది. "ఎవరితో అనకండి మేడమ్. ఆ ఒక్క ఓటు నేనే వేశాను." ఈసారి సిగ్గేయలేదు. మామూలు బిస్కట్లు పెట్టాను.

సాయంత్రం లెక్కలాయన. గుమ్మంలోనే నిలబడి "మీతో ఒక రహస్యం..." అన్నారు.

"ఆ ఓటు మీదేనా?"

"మీకెలా తెలుసు!"

"లెక్కల మనిషి కదా, మీరే కాస్త లెక్క వేసి చెప్పండి. మనం ఐదుగురం. ఎవరికి వారు వేసుకోకూడదు. కునుకు మాస్టారికి నాలుగు పడ్డాయి."

ఆయన పైకప్పుకేసి చూశారు. పెదాలు కదిలాయి. చెవులు ఎర్రబడ్డాయి. "నాకు క్లాసుంది," అని వెళ్ళిపోయారు. సాయంత్రం క్లాసులెక్కడివి?

ఆయన్ని ఏడిపించడానికి అడిగాను గానీ, అడిగాకే లెక్క నాకూ అర్థమైంది. ఆ నాలుగు ఓట్లూ మా నలుగురివే. ఐదో చీటీ రాయగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. నా దగ్గరికి వచ్చి చెప్పుకోనిది ఆయనొక్కరే.

నేను ఆయన పేరుని చెత్తబుట్ట అనుకుని రాశాను. ఆయన నా పేరుని నా పేరనే రాశారు. సిగ్గుతో చచ్చాను. సంతోషంగా కూడా ఉంది. రెండూ కలిసి ఇవాళ భోజనానికి వెళ్ళనివ్వలేదు.

మార్చి 22, శనివారం

రాత్రి భోజనాల దగ్గర కొత్త వార్డెన్ మొదటిసారి మధ్య కుర్చీలో కూర్చున్నారు. నన్ను పక్కన కూర్చోమన్నారు. ఉడికించిన బంగాళాదుంప ఒకటి మెల్లగా తిని, "పెద్దాయన బావమరిది గది ఖాళీ అవుతోందట," అన్నారు.

"అవునండీ."

"ఒకరిని నా ఇష్టం మీద ఉంచుకోవచ్చట."

"అవును. మీ ఇష్టం."

"నా ఇష్టం చీటీలో రాశాను కదా. మీదేమిటో తెలియడం లేదు. టీ గదిలో మాత్రం వెళ్ళిపోవాలని చాలా బలంగా ఉన్నట్టు చెప్పారు. హిస్టరీ గారి ఉపన్యాసాల గురించీ, వేన్నీళ్ళ గురించీ, పటాల గురించీ కూడా చాలా బాగా చెప్పారు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మీరు నిద్రలో ఉన్నారు కదా!"

"కళ్ళు మూసుకుంటే జనం మన ఎదురుగానే అన్నీ మాట్లాడుకుంటారండీ. తెరిస్తే ఎవరూ ఏమీ చెప్పరు." నీళ్ళు తాగారు. "ఎన్నిక అయిపోయింది. ఇప్పుడు అడిగినా నియమం ఏమీ అనదు. ఈ బల్ల దగ్గర ఇన్నేళ్ళుగా కూర్చుంటున్నాను, ఒక్క మనిషి నాకిది కావాలి అనగా వినలేదు. నాకు ఒక్కసారి వినాలని ఉంది."

గడ్డం గుండెకి ఆనించి కళ్ళు మూసుకున్నారు.

అటు హిస్టరీ గారు, ఇటు లెక్కలాయన. ఎలాగో గొణిగాను. "నాకు ఇక్కడే ఉండాలనుంది."

కదల్లేదు. నిద్రే.

"మాస్టారూ, నాకు ఇక్కడే ఉండాలనుందండీ."

గురక కూడా మొదలైంది. నాకు ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళ మంటా ఒక్కసారే లేచింది.

"నాకు వెళ్ళాలని లేదండీ! నాకు ఆ నిశ్శబ్దం వద్దు, ప్లాస్టిక్ పువ్వులొద్దు! నా కుండీలూ, నా పిల్లలూ, వాళ్ళ సూదులూ గొడుగులూ, ఆ పై గదిలో బూరా, అన్నీ కావాలి! నాకు ఇక్కడే ఉండాలి!"

హాలంతా చెంచాలు ఆగిపోయాయి. చివరి బల్ల దగ్గర బూర పిల్ల నోరు తెరిచి చూస్తోంది. గోడ మీద పటాలన్నీ కూడా నన్నే చూస్తున్నట్టనిపించింది. నేనెప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు.

కునుకు మాస్టారు కళ్ళు తెరిచారు.

"మొదటిసారే వినపడిందండీ," అన్నారు. "కూర్చోండి, అన్నం చల్లారిపోతుంది."

మార్చి 23, ఆదివారం

సూట్‌కేసు పెద్దాయన బావమరిదికి ఇచ్చేశాను. ఆయన సామానంతా పట్టింది. లెక్కలాయన కొలత మంచిదే. నాకు ఓటు వేసిన ముగ్గురూ తమ ఎండ వచ్చే కిటికీలు నా కుండీలకి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు?

చెల్లెలికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. "నీ గొంతు బాగుందక్కా," అంది.

పైన బూర మొదలైంది. అదే పాట. ఆ చోటు వచ్చింది, అదే తప్పు. హమ్మయ్య.

కునుకు మాస్టారు ఇంకో మూడేళ్ళలో రిటైరవుతారట. ఆ తర్వాత నాకు వార్డెన్ పదవి కావాలి. ఇక్కడ నిజం రాసేశాను. బయట ఎవరైనా అడిగితే మాత్రం, నాకెందుకండీ అంటాను.